స్టెరాయిడ్ ఇచ్చిన రెండో రోజు బిడ్డ కదలడం లేదు: 29 వారాల గర్భంలో ఒక కేసు

నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం ఇప్పుడు చిన్న నర్సింగ్ హోముల్లో కూడా మామూలు విషయమే. న్యూజీలాండ్‌లో లిగిన్స్, హోవీ చేసిన అధ్యయనం 1972లో వెలువడింది. తల్లికిచ్చిన స్టెరాయిడ్ కడుపులో బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తుందని అప్పుడే తేలింది. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలిచ్చింది. 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు కాన్పు ముప్పుంటే డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు ఇవ్వాలి. పై ఆస్పత్రికి పంపే ముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చు. ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో, ఎంతివ్వాలో అందరికీ బాగానే ఒంటబట్టింది. ఇచ్చిన తర్వాతి నాలుగైదు రోజులు కడుపులో బిడ్డ క్షేమాన్ని ఎలా చూడాలన్న దాని మీద మాత్రం అంత దృష్టి కనబడదు.

ఆ నాలుగైదు రోజుల్లో మన పరీక్షలు రెండు రకాలుగా తప్పుదారి పట్టిస్తాయి. బాగున్న బిడ్డ సీటీజీలో (బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతగా గీసే పరీక్ష) నలతగా కనబడొచ్చు. మాయ (ప్లాసెంటా) దెబ్బతిని ఇబ్బందిలో ఉన్న బిడ్డ డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్) కోలుకున్నట్టు కనబడొచ్చు. ఈ రెండూ ఒకే తల్లిలో, ఒకే వారంలో ఎదురైన కేసు ఇది. పీజీలకు, లేబర్ రూమ్ సిస్టర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. రాయడానికి ఆ దంపతుల అనుమతి తీసుకున్నాను. ఊరు, వృత్తి, తేదీలు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ఆమె వయసు ఇరవైల్లో ఉంటుంది. మొదటి గర్భంలో ఆరో నెలలో బీపీ పెరిగి, బిడ్డ కడుపులోనే పోయింది. "రెండు రోజులు తిరగలేదు మేడం, నిద్రపోతుందేమో అనుకున్నం" అని అప్పటి సంగతి చెప్పింది. ఈసారి నాలుగో నెల నుంచి ఆస్పిరిన్ వాడుతోంది. 12 వారాలకు తీసిన స్కాన్ ఉంది కాబట్టి వారాల లెక్క పక్కా. ఈ కేసులో అది చిన్న విషయం కాదు, ఎందుకంటే ముందుముందు మేం ఆధారపడిన హద్దులన్నీ వారాన్ని బట్టి మారేవే.

29 వారాల 4 రోజులప్పుడు నగర శివారులోని ఒక నర్సింగ్ హోములో చూపించుకుంటే బీపీ 150/100, మూత్రంలో ప్రోటీన్. బిడ్డ బరువు అంచనా 900 గ్రాముల దగ్గర, అంటే ఆ వారపు బిడ్డల బరువుల్లో 3వ సెంటైల్ కంటే తక్కువ (వందమందిలో అతి చిన్న ముగ్గురిలో ఒకరు). బొడ్డుతాడు డాప్లర్‌లో గుండె కొట్టుకునే ప్రతి విడతలో చివరి భాగంలో ప్రవాహం లేదు. మాయలో అడ్డంకి బాగా పెరిగితే అలా అవుతుంది. వాళ్లు మొదటి స్టెరాయిడ్ డోసు ఇచ్చి, వెంటనే పంపించారు. ఆమె రాత్రి పొద్దుపోయాక 108లో మా దగ్గరికి చేరింది.

రిఫరల్ చీటీ మీద "స్టెరాయిడ్ ఇచ్చాం" అని మాత్రమే ఉంది. ఏ మందో, ఎంతో, ఎన్ని గంటలకో లేదు. ఫోన్ చేస్తే మొదట ఎవరూ ఎత్తలేదు. భర్త చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన మెడికల్ షాపు బిల్లుంది. దాని మీద మందు పేరు బీటామెథసోన్, ఫాస్ఫేట్-ఎసిటేట్ కలిసినది. బిల్లు కొట్టిన సమయం సాయంత్రం 5.40. కాసేపటికి అక్కడి సిస్టర్ ఫోన్‌లో దొరికి, 12 మిల్లీగ్రాములు ఆరు గంటలకు ఇచ్చామని చెప్పింది. మందు పేరుతో పాటు రకం కూడా చూడాల్సిందే. 24 గంటల తేడాతో రెండు డోసులన్న లెక్క ఈ కలిపిన రకానిది. ఫాస్ఫేట్ ఒక్కటే ఉన్న ఇంజెక్షన్ ప్రభావం త్వరగా తగ్గిపోతుంది.

సాయంత్రం ఆరు గంటలను సున్నాగా పెట్టి, ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో రాయించాను. ఆ తర్వాత తీసిన ప్రతి సీటీజీ కాగితం మీద, ప్రతి స్కాన్ రిపోర్టు మీద తేదీ పక్కనే "స్టెరాయిడ్ తర్వాత ఇన్నో గంట" అని ఉండేలా చూశాం. ఈ కేసులో మాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఆ అంకెలే.

చేరినప్పుడు ఉన్న పరిస్థితి, తీసుకున్న మొదటి నిర్ణయం

బీపీ మందు లాబెటలాల్ మీద బీపీ 146/96కు దిగింది. తలనొప్పి, కళ్లు మసకబారడం, కడుపు పైభాగంలో నొప్పి లేవు. ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు బాగున్నాయి. ఉమ్మనీరు లోతైన చోట 3 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంది. బొడ్డుతాడు నుంచి బిడ్డ గుండె వైపు రక్తం తీసుకెళ్లే డక్టస్ వీనోసస్ అనే నాళంలో ఎ-వేవ్, అంటే గుండె పైగది ముడుచుకున్నప్పటి ప్రవాహం, ముందుకే పోతోంది. కంప్యూటర్ లెక్కగట్టే సీటీజీలో ఎస్‌టీవీ, అంటే గుండె వేగం క్షణక్షణానికి ఎంత మారుతుందో చెప్పే కొలత, 6.2 మిల్లీసెకన్లు. బిడ్డ మీద మాయ ఒత్తిడి ఉంది, కానీ బిడ్డ ఇంకా తట్టుకుంటోంది.

29 వారాల్లో, 900 గ్రాముల బిడ్డకు కడుపులో గడిచే ప్రతి రోజూ లాభమే, ఆ రోజు క్షేమంగా గడిస్తే. అందుకని కాన్పు చేయకూడదని, రెండో డోసు సమయానికి ఇవ్వాలని, ఆమెను హెచ్‌డీయూలో (నిశితంగా కనిపెట్టుకునే వార్డు) పెట్టి రోజూ డాప్లర్, రోజుకు రెండుసార్లు సీటీజీ చూడాలని నిర్ణయించాం.

మెగ్నీషియం సల్ఫేట్ వెంటనే మొదలుపెట్టలేదు. బిడ్డ మెదడు రక్షణకు అది కాన్పు ఖాయమైనప్పుడు, కొన్ని గంటల ముందు ఇచ్చేది. తల్లికి ఫిట్స్ ముప్పు లక్షణాలు లేవు. ఇంకో కారణం, మెగ్నీషియం కూడా గుండె వేగంలోని మార్పులను తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ప్రభావానికి అది తోడైతే సీటీజీ చదవడం ఇంకా కష్టమవుతుంది. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. తల్లికి అవసరమైన రోజున సీటీజీ స్పష్టత కోసం మెగ్నీషియం ఆపకూడదు.

మొదటి రోజు: డాప్లర్ బాగయింది

మొదటి డోసు పడిన 22వ గంటకు స్కాన్ చేస్తే, ముందు రోజు కనబడని ప్రవాహం మళ్లీ కనబడింది. కొద్దిగానే, కానీ స్పష్టంగా. వార్తకు కుటుంబమంతా ఊపిరి పీల్చుకుంది. మా జూనియర్ డాక్టర్ అడిగిన ప్రశ్న కూడా సహజమైనదే: "మేడం, ఫ్లో వచ్చేసింది కదా, వార్డుకు మార్చి డాప్లర్ వారానికి రెండుసార్లు చేద్దామా?"

మార్చలేదు. మాయలో నెలల తరబడి పాడైన రక్తనాళాలు ఒక్క రోజులో బాగుపడవు. ఎదుగుదల తగ్గి, చివరి ప్రవాహం ఆగిపోయిన బిడ్డల్లో చాలామందికి బీటామెథసోన్ పడిన ఒకరోజు లోపలే ప్రవాహం తిరిగి రావడం, కొన్ని రోజులుండి మళ్లీ పోవడం 1990ల చివరి నుంచీ వైద్య పత్రికల్లో నమోదవుతూనే ఉంది. ఆ మెరుగుదల చూసి పరీక్షలు తగ్గిస్తే, ప్రవాహం మళ్లీ పోయే రోజున మనం చూడకుండా ఉండిపోతాం. ఫైల్లో "ఇది స్టెరాయిడ్ ప్రభావం కావచ్చు, మెరుగుదలగా లెక్కపెట్టవద్దు, ప్లాన్ మారదు" అని రాశాను. కుటుంబానికి కూడా అదే చెప్పాను. వాళ్ల ముఖంలో అప్పుడే వచ్చిన తేరిక కొంచెం పోయింది. అయినా చెప్పాల్సిందే. నాలుగు రోజుల తర్వాత "మొన్న బాగైందన్నారు కదా" అనే ప్రశ్న ఎదురవకూడదు.

అదే రోజు ఎస్‌టీవీ 6.8, కాస్త పెరిగింది. స్టెరాయిడ్ తర్వాత మొదటి రోజు అలా పెరగడం కూడా తెలిసిన సంగతే. తెల్లకణాలు 14 వేలు దాటాయి. జ్వరం లేదు, ఉమ్మనీరు పోవడం లేదు, కడుపు నొప్పి లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ అనుకోలేదు. తిన్నాక షుగర్ 158 వచ్చింది. భోజనం సరిచేసి, రోజుకు నాలుగుసార్లు చూశాం. మూడు రోజుల్లో దిగింది, ఇన్సులిన్ అవసరం పడలేదు.

రెండో రోజు రాత్రి

48వ గంట దాటుతుండగా ఆమె సిస్టర్‌ను పిలిచింది. నేను వెళ్లేసరికి కుడి అరచేయి బొడ్డుకు కింద ఒకే చోట ఆనించి ఉంది. బిడ్డ కాళ్లు తన్నే చోటు అది. "పొద్దటి నుంచి తిరుగుతలేదు మేడం. అప్పుడు కూడ ఇట్లనే అయింది" అంది. మేమిచ్చిన కదలికల చార్టు చూశాను. ముందు రోజు సాయంత్రం గంటలోపే పది గీతలు పడ్డాయి. ఆ సాయంత్రం రెండు గంటలకు మూడు గీతలు, మూడోది గీసి కొట్టేసింది.

సీటీజీలో బేస్‌లైన్, అంటే గుండె మామూలు వేగం, నిమిషానికి 145. గీత దాదాపు చదునుగా ఉంది. ఎక్కడా వేగం పుంజుకోవడం లేదు, ఎక్కడా పడిపోవడం కూడా లేదు. ఎస్‌టీవీ 3.6.

ఇక్కడ మా వాళ్లు మొదట చేసినవి అందరూ చేసేవే. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి గంటసేపు సీటీజీ పొడిగించారు. అత్తగారు గ్లూకోజ్ నీళ్లు తాగించింది. పొట్ట మీద శబ్దంతో బిడ్డను కదిలించే పరికరం పెట్టి చూశారు. ఏదీ గీతను మార్చలేదు. మారకపోవడానికి కారణం ఉంది. బిడ్డ నిద్రలో ఉంటే ఆ దశ సాధారణంగా ఇరవై నుంచి నలభై నిమిషాల్లో ముగుస్తుంది, కాబట్టి సీటీజీ పొడిగించడానికి అర్థముంటుంది. ఇక్కడ ప్రశ్న నిద్రా కాదా అన్నది కాదు, మందా లేక ఆక్సిజన్ తగ్గిందా అన్నది. మందు ప్రభావం ఒకట్రెండు రోజులుంటుంది. ఆక్సిజన్ తగ్గిన బిడ్డ కూడా కాసేపట్లో సర్దుకోదు. అంటే గంటసేపు పొడిగించిన సీటీజీ ఈ రెంటినీ వేరు చేయలేదు. ప్రతి కొత్త చదును కాగితంతో ఆ గదిలో టెన్షన్ పెరిగింది, సమాచారం పెరగలేదు.

తర్వాత బయోఫిజికల్ ప్రొఫైల్ చేశాం. బిడ్డ ఊపిరి కదలికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, ఉమ్మనీరు, సీటీజీ, ఒక్కోదానికి రెండేసి మార్కులిచ్చే పరీక్ష అది. అరగంట చూసినా ఛాతీ కదలికలు లేవు. ఒళ్లు కదలడం ఒక్కసారే. చేతులు ముడుచుకుని తెరుచుకోవడం ఉంది, ఉమ్మనీరు ముందు రోజులాగే ఉంది. లెక్క వేస్తే పదికి నాలుగు. పుస్తకం ప్రకారం నాలుగు అంటే బిడ్డ ప్రమాదంలో ఉందన్నట్టే. నాకంటే అనుభవమున్న సహచరురాలు "నాలుగొచ్చింది, ఇంకెందుకు ఆగడం" అంది. ఆమె మాటలో బలముంది. ఎదుగుదల తగ్గిన బిడ్డలకు కాన్పు ఎప్పుడు చేయాలో చూడడానికి యూరప్‌లో జరిగిన ట్రఫుల్ అధ్యయనంలో సీటీజీ ఆధారంగా కాన్పు నిర్ణయించిన విభాగంలో 29 వారాలు దాటితే ఎస్‌టీవీ హద్దు 4. మా 3.6 దాని కిందే ఉంది. భర్త చేతులు జోడించి, "ఆపరేషన్ చేసేయండి మేడం, ఈసారి మాత్రం పోగొట్టుకోలేం" అన్నాడు.

మన రాష్ట్రంలో ఇలాంటి ఘడియలో కత్తి వైపు మొగ్గు ఎక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే అత్యధికం. ఆపరేషన్ చేసి బిడ్డకేమైనా అయితే "ప్రయత్నించారు" అంటారు. ఆగితే, ఏమైనా అయితే, ఎందుకాగారని అడుగుతారు. నిర్ణయంలో ఈ భయానికి చోటు ఉండకూడదని నేను నమ్ముతాను. కడుపులో బిడ్డకు మన పేరుప్రతిష్ఠలతో పని లేదు.

ఆగాలని ఎందుకనుకున్నాం

నేను ముందు ఉంచుకున్న ప్రశ్న ఒకటే: ఇప్పుడు కనబడుతున్న వాటిలో స్టెరాయిడ్ వివరించలేనిది ఏదైనా ఉందా?

బీటామెథసోన్ పడిన రెండు, మూడు రోజుల్లో బిడ్డ ఊపిరి కదలికలు బాగా తగ్గుతాయి, ఒళ్లు కదిలించడం తగ్గుతుంది, గుండె వేగంలో మార్పు తగ్గుతుంది. 1990లలో యూరప్ పరిశోధకులు వరుసగా రోజూ కొలిచి చూపించిన సంగతి ఇది. నాలుగో రోజుకల్లా మొదటి స్థితికి వస్తాయి. మాయ ఈ మందును పెద్దగా నిర్వీర్యం చేయలేదు కాబట్టి అది బిడ్డ మెదడును చేరుతుంది, కదలికలను నడిపే భాగాల మీద పనిచేస్తుంది. డెక్సామెథసోన్‌తో ఈ మార్పులు తక్కువగా కనబడతాయి. మా ప్రొఫైల్లో పోయిన ఆరు మార్కులూ సరిగ్గా ఈ మూడింటివే. స్టెరాయిడ్ సాధారణంగా ముట్టుకోని రెండు, కండరాల బిగువు, ఉమ్మనీరు, చెక్కుచెదరలేదు. మొత్తం మార్కు చూస్తే భయం, విడివిడిగా చూస్తే వేరే కథ.

ఎస్‌టీవీ విషయంలోనూ హద్దు ఒకటే కాదు. అదే ట్రఫుల్‌లో డక్టస్ వీనోసస్ చూస్తూ ఆగిన విభాగాల్లో 29 వారాలు దాటిన బిడ్డలకు పెట్టిన భద్రతా హద్దు 3. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా 29 నుంచి 32 వారాల లోపు అదే హద్దు తీసుకున్నాయి: ఎ-వేవ్ ఆగినా, వెనక్కి తిరిగినా, లేదా ఎస్‌టీవీ 3 కంటే తగ్గినా కాన్పు. మా బిడ్డ ఎ-వేవ్ ముందుకే ఉంది.

అన్నిటికంటే ముందు నేను చూసింది కడుపు మీద చేయి పెట్టి. బీపీ ఉన్న తల్లికి మాయ విడిపోవడం ఎప్పుడైనా జరగొచ్చు, అప్పుడూ బిడ్డ కదలదు, సీటీజీ చదునవుతుంది. అది స్టెరాయిడ్ రెండో రోజునే జరగకూడదనేమీ లేదు. గర్భసంచి మెత్తగా ఉంది, నొక్కితే నొప్పి లేదు, రక్తస్రావం లేదు, బీపీ నిలకడగా ఉంది, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పొద్దుటిలాగే ఉన్నాయి. ఇది చూడకుండా "స్టెరాయిడ్ వల్లే" అని తేల్చేయడం అత్యంత ప్రమాదకరం. ఆ మాట చెప్పేముందు కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేయాలి.

ఇవన్నీ చూసుకుని, ఆగుదామని అందరం ఒప్పుకున్నాం. సహచరురాలు కూడా ఒప్పుకుంది, రెండు షరతులతో. ఆ రెండూ సరైనవే. ఒకటి, ఆపరేషన్‌కు తీసుకెళ్లే గుర్తులు ఇప్పుడే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే రాసిపెట్టాలి: ఎస్‌టీవీ 3 కిందికి దిగితే, కారణం లేకుండా గుండె వేగం మళ్లీమళ్లీ పడితే, ఎ-వేవ్ పోతే, తల్లి పరిస్థితి మారితే. రెండోది, గడువు. 96వ గంటకల్లా గీత పైకి రావడం మొదలవ్వాలి. రాకపోతే ఆ తర్వాత మందు పేరు చెప్పడానికి వీల్లేదు. ఆరు గంటలకోసారి సీటీజీ, 12 గంటలకోసారి డక్టస్ వీనోసస్ చూడాలని రాశాం. ఆపరేషన్ థియేటర్‌కు, మత్తు డాక్టర్‌కు, ఎన్‌ఐసీయూకు (నవజాత శిశువుల ఐసీయూ) కబురు చేశాం.

దంపతులతో మాట్లాడడానికి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "మొన్న ఇచ్చిన ఇంజెక్షన్‌కు ఈ రెండు రోజులు బిడ్డ నెమ్మదిస్తుంది. చాలామటుకు అదే అనుకుంటున్నాను. కానీ నూటికి నూరుపాళ్లు అదేనని చెప్పలేను, అందుకే రాత్రంతా చూస్తూనే ఉంటాం. ఈ గుర్తుల్లో ఏది కనబడినా వెంటనే ఆపరేషన్ చేస్తాం. కనబడకపోతే, ఇప్పుడు బయటికి తీయడం కంటే లోపల ఉండడమే బిడ్డకు మేలు" అన్నాను. అత్తగారు అడిగింది: "అంటే మత్తుగ ఉంటదా మేడం, మందుకు?" అవునన్నాను, దాదాపు అలాంటిదే. ఆమె కోడలి వైపు తిరిగి, "ఇన్నవు గదా బిడ్డా, జర నిమ్మళంగుండు" అంది. నేను చెప్పినదాని కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసింది.

ఏం జరిగింది

ఆ రాత్రి ఎస్‌టీవీ 3.4, తెల్లవారుజామున 3.3. మూడుకు దగ్గరపడుతున్న ఆ గంటలు తేలికగా గడవలేదు. గుండె వేగం ఒక్కసారీ పడలేదు, ఎ-వేవ్ మారలేదు. మూడో రోజు మధ్యాహ్నం 3.9. 90వ గంట దగ్గర 5.1, కాగితం మీద గుండె వేగం పుంజుకున్న చిన్న చిన్న గుట్టలు కనబడ్డాయి. 32 వారాల లోపు బిడ్డకు పది బీట్లు పెరిగి పది సెకన్లు ఉంటే చాలు, పదిహేను కోసం చూడక్కర్లేదు. స్కాన్‌లో ఛాతీ ఎగిసిపడడం తిరిగి మొదలైంది. చార్టులో గీతలు నిండాయి.

ఆరో రోజున బొడ్డుతాడు చివరి ప్రవాహం మళ్లీ మాయమైంది. సీటీజీ బాగుపడడం, డాప్లర్ పాడవడం రెంటికీ కారణం ఒకటే, మందు ప్రభావం దిగిపోయింది. ఇప్పుడు చూస్తున్నదే బిడ్డ అసలు పరిస్థితి. మొదటి రోజున "బాగైంది" అని డాప్లర్ తగ్గించి ఉంటే ఈ మార్పు ఎప్పటికి తెలిసేదో.

వారం దాటాక ఇంకో విడత స్టెరాయిడ్ ఇద్దామా అన్న చర్చ వచ్చింది. మార్గదర్శకాలు కొన్ని పరిస్థితుల్లో ఒక్కసారికి ఒప్పుకుంటాయి. పిల్లల డాక్టర్లతో కలిసి ఆలోచించి, వద్దనుకున్నాం. మళ్లీమళ్లీ ఇచ్చిన స్టెరాయిడ్ పుట్టిన బరువును, తల చుట్టుకొలతను తగ్గిస్తుందని పెద్ద అధ్యయనాల్లో కనబడింది. మా బిడ్డ అసలే చిన్నది. పైగా ఇక నుంచి సీటీజీలో వచ్చే ప్రతి మార్పునూ స్పష్టంగా చదవగలగడం మాకు అవసరం. ఇతర కేసుల్లో నిర్ణయం వేరుగా ఉండొచ్చు.

31 వారాల 3 రోజులకు పొద్దున సీటీజీలో ఎస్‌టీవీ 2.8. గుండె వేగం కారణం లేకుండా రెండుసార్లు పడింది. ఎ-వేవ్ ముందుకే ఉన్నా బాగా తగ్గింది. ఆ రాత్రి చూసిన చదును గీతకూ దీనికీ పైకి పోలిక ఉంది. కానీ స్టెరాయిడ్ ఇచ్చి దాదాపు రెండు వారాలైంది, ఇప్పుడు దాని మీద నెట్టడానికేం లేదు. రాసిపెట్టుకున్న హద్దు దాటింది. మెగ్నీషియం మొదటి డోసు ఎక్కించి, గంటల వ్యవధిలోనే సిజేరియన్ చేశాం. ఆడపిల్ల, 1,040 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పరికరం) మీద పెట్టాల్సి వచ్చింది, వెంటిలేటర్ అవసరం పడలేదు. తల్లి పాలు పిండి ట్యూబు ద్వారా పట్టారు. తర్వాత కంగారూ పద్ధతిలో తల్లి, నానమ్మ వంతులవారీగా గుండెలకు హత్తుకున్నారు. కొన్ని వారాలకు కంటి రెటీనా పరీక్ష కూడా పూర్తయి ఇంటికి వెళ్లింది.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

స్టెరాయిడ్ మొదటి డోసు ఇచ్చేటప్పుడే తల్లికి చెబుతున్నాం: "ఎల్లుండి, ఆ మర్నాడు బిడ్డ తక్కువగా తిరగొచ్చు. అలా అనిపిస్తే ఊరుకోకు, వెంటనే చెప్పు, మేం చూస్తాం." ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పాలి. మొదటిదే చెబితే తల్లి ఇంట్లో కూర్చుని "ఇంజెక్షన్ వల్లేలే" అనుకుంటుంది. కదలికలు నిజంగా ఆగిన బిడ్డ అలాగే చేజారిపోతుంది. కదలికలు తగ్గాయని వచ్చిన ఏ తల్లినీ స్టెరాయిడ్ పేరు చెప్పి వెనక్కి పంపకూడదు. సీటీజీ, ఉమ్మనీరు, డాప్లర్, తల్లి కడుపు, బీపీ చూశాకే మందు మాట ఎత్తాలి. ఎదుగుదల బాగున్న బిడ్డ, డాప్లర్ మామూలుగా ఉన్న బిడ్డ అయితే ధైర్యం ఎక్కువ. ఎదుగుదల తగ్గిన బిడ్డకు అంత వెసులుబాటు లేదు.

షుగర్ ఉన్న తల్లుల్లో ఇంకో చిక్కుంది. స్టెరాయిడ్‌తో షుగర్ పెరగడం మొదటి డోసు తర్వాత దాదాపు 12 గంటలకు మొదలై నాలుగైదు రోజులు ఉండొచ్చు. ఇన్సులిన్ పెంచకపోతే బిడ్డ పరిస్థితిని అది కూడా దెబ్బతీస్తుంది. ఆ తల్లుల్లో కదలికలు తగ్గితే ముందు గ్లూకోమీటర్ తీయమని సిస్టర్లకు చెప్పాం.

ఎస్‌టీవీ కొలిచే యంత్రం హైదరాబాద్‌లోనే అన్ని చోట్లా లేదు. జిల్లాల్లో ఇంకా తక్కువ. గుండె వేగం గీత మాత్రమే తీసే మామూలు ఎన్‌ఎస్‌టీ యంత్రంతో కూడా స్టెరాయిడ్ తర్వాత రెండో రోజు గీత చదునుగా ఉంటే, డిసిలరేషన్లు (గుండె వేగం పడిపోవడం) ఉన్నాయా లేవా, బేస్‌లైన్ పెరుగుతోందా, నిన్నటి కాగితంతో పోలిస్తే ఎలా ఉందన్నది చూడొచ్చు. అందుకు మొదటి డోసుకు ముందే ఒక కాగితం తీసి ఫైల్లో పెట్టుకోవాలి. పోల్చడానికి అదొక్కటే ఆధారం. డాప్లర్ చూసే వీలు లేని చోట, ఎదుగుదల తగ్గిన బిడ్డను రెండో రోజు దాకా ఉంచుకోకుండా మొదటి డోసు ఇచ్చి పంపేయడమే మంచిది.

పంపేటప్పుడు చీటీ మీద నాలుగు సంగతులు రాయమని మా దగ్గరికి కేసులు పంపే డాక్టర్లందరినీ అడుగుతున్నాను: మందు పేరు రకంతో సహా, మోతాదు, ఇచ్చిన సమయం గంటా నిమిషాలతో, ఇవ్వకముందు తీసిన గుండె చప్పుడు కాగితం. ఇప్పుడు కొందరు చీటీతో పాటు ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు, పేషెంట్ ఇంకా దారిలో ఉండగానే.